గోడ మీద అన్నయ్య

రోక్కావెర్దె
1461 అక్టోబరు 9

అన్నయ్యా,

నువ్వు క్షేమంగా బొలోన్యా చేరావని కంచరగాడిదల బెక్కో చెప్పాక నాకు ఊపిరాడింది. ఈ ఉత్తరం కూడా వాడి ఉన్ని మూటల్లోనే వస్తుంది. వాడికి చదువు రాదు గానీ, దారిలో ఎవరో ఒకరి చేత చదివించుకోకుండా ఉండడు. బెక్కో, చదివించుకుంటే చదివించుకున్నావు, నోరు మాత్రం అదుపులో పెట్టుకో.

ఇక్కడి సంగతులు మంచివి కావు. ఉత్తర ద్వారం గడియ తీసి, ఊరి నుంచి వెళ్ళగొట్టిన పాత దొరలను లోపలికి రానివ్వబోయారని మీ నలుగురి మీదా నేరం రుజువైంది. నువ్వు బట్టలకి రంగులద్దే బట్టీకి తాళం వేశారు. వదిన పియెరా వాళ్ళన్న ఇంటికి వెళ్ళిపోయింది. మీరెవరూ దొరకలేదు కాబట్టి ప్రస్తుతానికి శిక్ష మీ బొమ్మలకి వేస్తున్నారు. సంత చౌకులో, న్యాయాధికారి భవనం గోడ మీద, మీరు ఒంటికాలికి తాడుతో తలకిందులుగా వేలాడుతున్నట్టు గీయాలని సభ తీర్మానించింది. మన చిన్నప్పుడు అదే గోడ మీద ఒక దొంగ వర్తకుణ్ణి గీస్తే మనం వెళ్ళి రాళ్ళేసేవాళ్ళం. గురి చూడటం నాకు నువ్వే నేర్పావు.

ఇంక అసలు మాట. ఆ బొమ్మలు గీసే పని నాకిచ్చారు. ఊళ్ళో ఆరుగురు చిత్రకారులుండగా నాకే ఎందుకిచ్చారో నీకు నేను చెప్పాలా. సభ గుమాస్తా నవ్వుతూ అడిగాడు, "ఏం లాపో, చెయ్యి వణుకుతుందా? వణికితే ఇప్పుడే చెప్పు, అయిదో తాడు కూడా గీయిద్దాం" అని. కాదంటే ఆ పూటే ఊరు వదిలిపోవాలి. నేను ఒప్పుకున్నాను.

కోప్పడకు, నా ఉపాయం విను. నీ ముఖం పెట్టను. గడ్డం పెడతాను, ముక్కు సాగదీస్తాను. కింద మాత్రం నీ పేరు ఉంటుంది. ఆ గోడను చూసినవాడెవడూ నిన్ను దారిలో చూసి పట్టుకోలేడు. పట్టి తెచ్చినవాడికి బహుమానం ప్రకటించారు, అది మరిచిపోకు. నా చేతిలో ఉన్న సాయం ఇదొక్కటే.

ఒక సంగతికి మాత్రం ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పదకొండేళ్ళుగా గద్దో గారి పనిశాలలో నేను గీసిన ప్రతి దేవదూత కిందా ఆయన పేరే పడింది. నాకంటూ ఇచ్చిన మొదటి గోడ ఇదే. నా పేరు రాసుకోవచ్చా అని అడిగితే గుమాస్తా, "ఇలాంటి బొమ్మ కింద వేలాడేవాడి పేరే రాస్తారయ్యా, గీసినవాడిది కాదు" అన్నాడు.

చలి ముదురుతోంది. ఛాతీకి ఉన్నిగుడ్డ కట్టుకో.

నీ తమ్ముడు
లాపో


బొలోన్యా
1461 అక్టోబరు 25

ఒరేయ్ లాపో,

ఉత్తరం అందింది. బెక్కో చదివించుకున్నాడు. నా చేతికిస్తూనే "మీ తమ్ముడు మీకు గడ్డం పెడతాడటగా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెట్టాయి. నా ముఖం పెట్టవా? ఎప్పుడు పెట్టగలిగావు గనక? గద్దో గారి పని మీద మన పేట చర్చి గోడకి, నన్ను చూసి, ఏసును పెంచిన తండ్రి పునీత జోజప్పను గీశావు. మూడు వారాలు నన్ను ముక్కాలిపీట మీద కదలకుండా కూర్చోబెట్టావు. తీరా అమ్మ వచ్చి చూసి ఏమంది? "ఈ ముసలాయనెవర్రా, పాపం పంటినొప్పిలా ఉంది" అంది. కాబట్టి నువ్వు ప్రత్యేకంగా కష్టపడి ముక్కులు సాగదీయనక్కర్లేదు. మనసు పెట్టి నన్నే గీయి. అంతకు మించిన రక్షణ నాకు లేదు. చేతనైతే ఈసారైనా పోలిక తెప్పించు చూద్దాం.

చెవులు మాత్రం నావి నాకే ఉంచు. నాన్న చేటంత చెవులు నీకొచ్చాయి, నాకు రాలేదు. వాటిని నాకు తగిలించి ఊరందరికీ చూపించకు. ద్రోహి అంటే పడతాను గానీ చేటచెవులవాడంటే ఊరుకోను.

నేనిక్కడ ఒక మాంసం దుకాణం మీద గదిలో ఉంటున్నాను. పొద్దస్తమానం కింద పంది పేగుల్లో మాంసం కూరుతుంటారు, ఆ వాసనకే కడుపు నిండిపోతుంది. రంగులవాళ్ళ దగ్గర పని దొరికింది, నాలుగు రోజులకే పోయింది. వీళ్ళ నీలం చూస్తే ఏడుపొస్తుంది. బురదలో ముంచి తీసినట్టుంది అన్నాను. యజమానికి నచ్చలేదు.

పియెరాతో చెప్పు, ఆ గోడ వైపు వెళ్ళొద్దని. అక్కడ వేలాడేది నేను కాదు, ఎవరో పంటినొప్పి ముసలాయన అని చెప్పు.

తలకిందులైనా నీకంటే పెద్దవాడు
బిందో


రోక్కావెర్దె
1461 నవంబరు 22

అన్నయ్యకు, చేతనైనవాడు రాస్తున్నది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పంటినొప్పి మాట దగ్గర నాలుగుసార్లూ ఆగాను. అమ్మ ఆ మాట అన్నప్పుడు నేనక్కడ లేను, సున్నం బట్టీ దగ్గరికి వెళ్ళాను. నీ నోటి నుంచే విన్నాను. అమ్మను అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు, ఆమె పోయి ఆరేళ్ళయింది. కానీ నువ్వు ప్రతి పెళ్ళి విందులో, ప్రతి జ్ఞానస్నానం విందులో ఆ కథ చెప్పావు. నా పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పావు. వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వి, పిల్లను వేరే చోట ఇచ్చారు.

నువ్వు గీయమన్నావు. గీశాను.

తలకిందులైన ముఖం మామూలు ముఖాన్ని తిప్పి పెట్టినట్టు ఉండదు. ఇలాంటి బొమ్మలు గీసేవాళ్ళంతా ఆ తప్పే చేస్తారు. నేను పనిశాల దూలానికి నా కుడికాలు కట్టించుకుని, చేతిలో అద్దం పట్టుకుని వేలాడాను, మూడుసార్లు. రెండోసారి ముక్కులోంచి రక్తం వచ్చింది. బుగ్గలు కళ్ళ మీదికి జారతాయి. నుదురు ఉబ్బుతుంది. పై పెదవి పళ్ళను వదిలేస్తుంది. అదంతా నేర్చుకున్నాక, నీ ముఖాన్ని జ్ఞాపకంలోంచి తీసి ఆ జారిన మాంసం మీద పెట్టాను. తలకి ఒక రోజు పట్టింది. పొద్దున తడి గార పూసి, అది ఆరేలోగా ముగించాలి. ఆరిందంటే గోడే రంగు తాగేస్తుంది, ఇక నా చేతిలో ఉండదు. ఆ రోజు నేను నీళ్ళు కూడా తాగలేదు. నీ గోళ్ళలో పట్టిన నీలం కూడా మరిచిపోలేదు.

నిన్న తెర తీశారు. చేపల నెజ్జా బుట్ట దించి సిలువ గుర్తు వేసుకుంది. "అయ్యో, మన బిందోనే కదర్రా. నా చేపల మొప్పలకి వంక పెట్టేటప్పుడు ఇట్టాగే నోరు తెరిచేవాడు" అంది. చౌకంతా నవ్వింది. గద్దో గారు చాలాసేపు నిలబడి, చివరికి టోపీ తీశారు. ఆయన నెత్తి నేను చూడటం అదే మొదలు.

మిగతా ముగ్గురినీ ఎలాగో గీసి పారేశాను. వాళ్ళను వాళ్ళ పెళ్ళాలు కూడా పోల్చుకోలేరు.

అమ్మ ఉంటే, ఎవరని అడిగేది కాదు.

లాపో


బొలోన్యా
1461 డిసెంబరు 14

లాపో, నువ్వు మనిషివేనా?

హాస్యానికి అన్నాను. నీ జన్మలో నా హాస్యం ఒక్కటైనా నీకు అర్థమైందా? మొదటి ఉత్తరంలో గడ్డం పెట్టి కాపాడతానన్నావు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది రాయటం చేతగాక పంటినొప్పి అని రాశాను. ఆ మాట పట్టుకుని నువ్వు నా మెడ మీద గొడ్డలి పెట్టావు.

మొన్న దుకాణం మెట్ల మీద కూర్చుని శనగపిండి రొట్టె తింటున్నాను. మన వైపు వ్యాపారి ఒకడు నన్ను చూసి ఆగాడు. తల పక్కకి వంచాడు. ఇంకా వంచాడు. నడుం దాకా వంగి, కాళ్ళ సందులోంచి చూసినంత పని చేశాడు. రొట్టె అక్కడే పడేసి పరుగెత్తాను.

ఆ గది వదిలేశాను. గడ్డం పెంచుతున్నాను, ఆ గడ్డమేదో నువ్వే గోడ మీద పెట్టి ఉంటే నాకీ దురద తప్పేది. ఇప్పుడు నేను మోదెనా ఊరి తోనెను, కొమ్ము దువ్వెనలు అమ్ముకుంటాను. ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. ఇరవై ఏళ్ళుగా గోళ్ళలో ఉన్న నీలం నెలన్నరలో పోయింది. పొద్దున్నే చేతులు చూసుకుంటే ఎవరివో అనిపిస్తాయి.

నువ్వు నా శత్రువుల కోసం ఈ పని చేశావంటే అర్థం చేసుకుందును. కడుపు కోసం చేశావన్నా సరే. నువ్వు చేసింది అమ్మ అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పుకోవటానికి.

బెక్కో చూసి వచ్చాడు. "అచ్చం మీరే, ఊపిరొక్కటే తక్కువ. చెవులే ఏదో తేడాగా ఉన్నాయి" అంటున్నాడు. చెవులకేం చేశావురా? నేను అడిగింది అదొక్కటే కదా.

పియెరా చూసిందా? చూసి ఏమంది? మిగతా గొప్పలు మానేసి అది రాయి.

బిందో


రోక్కావెర్దె
1462 ఫిబ్రవరి 20

అన్నయ్యా,

నువ్వు అడిగింది ముందు రాస్తున్నాను. వదిన చూసింది. వెళ్ళొద్దని చెప్పినా వెళ్ళింది. ఇప్పుడు రోజూ పూజ అయ్యాక చౌకుకి వస్తుంది. నీ ముఖం నిటారుగా కనబడాలని మెడ పక్కకి వంచుకుని నిలబడుతుంది. మొదట్లో జనం నవ్వారు, ఇప్పుడు అలవాటైపోయింది. ఒకసారి నేను వెళ్ళి పక్కన నిలబడి, నీడ ఎక్కడ పెట్టాను, రంగు ఎక్కడ పలచన చేశాను వివరించాను. శ్రద్ధగా విన్నది. "ఈయన ఇంట్లో ఉన్నప్పుడు ఇంతసేపు ముఖం చూడనిచ్చేవాడు కాదు లాపో" అంది. మెడ నొప్పికి ఆముదం రాసుకుంటోందట.

ఇప్పుడు నా మాట. కొండ మీది మఠాధిపతి వచ్చి గోడ చూశాడు. చలిలో అరగంట నిలబడ్డాడు. ఆయన ప్రార్థనామందిరంలో తుదితీర్పు గీయించాలనుకుంటున్నాడట, నరకంలో పడేవాళ్ళకి నాలాంటి చెయ్యి కావాలట. పని గద్దో గారికి కాదు, నాకు. కింద నా పేరు రాసుకోవచ్చని ఆయనే అన్నాడు, నేను అడగకుండానే. ముప్ఫై రెండేళ్ళ వయసులో మొదటిసారి ఒక మనిషి నన్ను గద్దో గారి లాపో అనకుండా నా పేరు పెట్టి పిలిచాడు.

చెవుల సంగతి బెక్కోకేం తెలుసు, వాడు గాడిదల చెవులు చూసుకునేవాడు. చెవులు నీవే. నువ్వు ఇక్కడుండి చూస్తే నోరు మూసుకునేవాడివి. రాలేవు కాబట్టి నా మాట నమ్మాల్సిందే.

నా మీద గొడ్డలి మాట రాశావు. అది నన్ను బాధపెట్టింది. దువ్వెనలు బాగా అమ్ముడవుతున్నాయని తలుస్తాను.

లాపో


బొలోన్యా
1462 జూన్ 2

వివరాలు చెప్పే లాపోకు,

నా పెళ్ళానికి నా ముఖం నువ్వు వివరిస్తున్నావన్నమాట. నీడ ఎక్కడ, పలచన ఎక్కడ. ఆమె మెడ వంచి నిలబడితే పక్కన నువ్వు నిలబడి, సంతకొచ్చినవాళ్ళందరికీ వినోదం. మీ ఇద్దరూ కలిసి ఎంత చక్కగా కాలక్షేపం చేస్తున్నారో చదివి నాకు ఆకలి చచ్చిపోయింది. మూడు నెలలు జవాబు రాయకపోవటానికి కారణం అదే. నీ ఉత్తరం చింపేద్దామనుకుని, "ఇంతసేపు ముఖం చూడనిచ్చేవాడు కాదు" అన్న చోట ఆగిపోయాను.

నేను వస్తున్నాను. ఈ నెల పునీత యోహాను పండుగకి ద్వారాలు తెరిచి, సంతకి వచ్చేవాళ్ళందరినీ ఎవరేమిటని అడక్కుండా రానిస్తారు. మోదెనా తోనె దువ్వెనల పెట్టెతో వస్తాడు. పియెరాకు మాత్రం చెప్పు, దువ్వెన కొనే నెపంతో వస్తే చాలు, మాట్లాడొద్దు. నువ్వు నా దగ్గరికి రాకు. నీ ముఖంలో ఏదీ దాగదు.

నేను ఆమె కోసం వస్తున్నాను, నీ గోడ కోసం కాదు. దారిలోనే ఉంది కాబట్టి ఒక చూపు చూస్తాను.

బిందో


రోక్కావెర్దె
1462 జూన్ 26

అన్నయ్యా,

ఈ ఉత్తరం నల్లముసుగుల సోదరుల చేత పంపుతున్నాను. నీ దగ్గర ప్రార్థన చేయటానికి వాళ్ళనొక్కళ్ళనే చెరలోకి రానిస్తున్నారు.

ముందు నేనడుగుతాను, నువ్వు నోరెందుకు విప్పావు? ఆ గడ్డంలో, ఆ మోదెనా యాసలో నిన్ను ఎవరూ పోల్చుకోలేదు. నేనే రెండుసార్లు నిన్ను దాటిపోయాను. వదిన దువ్వెన కొని, తల కూడా ఎత్తకుండా వెళ్ళిపోయింది. నువ్వొచ్చిన పని అయిపోయింది. పెట్టె సర్దుకుని వెళ్ళిపోక, గోడ ముందు గంటసేపు నిలబడ్డావట. ఆ తర్వాత నెజ్జా వైపు తిరిగి, "అంతా సరే గానీ, ఆ చెవులు బిందోవి కావు, వాడి తమ్ముడివి" అన్నావట. "నువ్వు మోదెనా వాడివి గదయ్యా, నీకెట్టా తెలుసు?" అని ఆవిడ అడిగింది. ఆవిడకి చెడ్డ ఉద్దేశం లేదు. పక్కన భటుడున్నాడు.

నిన్నటి విచారణలో సగమే నీకు తెలుసు. న్యాయాధికారి పెరూజా వాడు, ఏడాది పనికి వచ్చాడు, మన ముఖాలు ఎరగడు. అయిదుగురు నువ్వు బిందోవే అన్నారు, ఆరుగురు కాదన్నారు. వదిన సువార్త మీద చెయ్యి పెట్టి, "ఈ దువ్వెనలాయన ఎవరో నాకు తెలీదండి. మా ఆయనకి ఇంతకంటే మంచి పళ్ళుండేవి" అంది. నాకే నమ్మబుద్ధేసింది. అప్పుడు న్యాయాధికారి, మనుషుల సాక్ష్యం తనకక్కర్లేదనీ, సభ గీయించిన బొమ్మే సాక్ష్యమనీ చెప్పి, నీ గడ్డం గీయించి బొమ్మ పక్కన ఒంటికాలికి కట్టి వేలాడదీయించాడు.

నీ బుగ్గలు కళ్ళ మీదికి జారాయి. నుదురు ఉబ్బింది. పై పెదవి పళ్ళను వదిలేసింది. ఊడిన ఆ రెండు పళ్ళు తప్ప ఒక్క గీత తప్పు పోలేదు. ఆ క్షణంలో నేను సంతోషించాను. నీతో అబద్ధం చెప్పను.

నిన్ను దించి లోపలికి తీసుకుపోయాక ఆయన నన్ను పిలిచాడు. చెడ్డవాడు కాడు. "చూడు నాయనా," అన్నాడు. "ఈ మనిషీ, ఆ బొమ్మా ఒకటే. అందులో అనుమానం లేదు. ఇతను బిందో అయితే చస్తాడు. దువ్వెనలవాడే అయితే మాత్రం, నువ్వు బిందోను గీయలేదు, ఎవరో దువ్వెనలవాణ్ణి గీశావు. నేరం లేనివాడి బొమ్మ ఆ గోడ మీద ఒక్క పూట కూడా ఉండకూడదు. పోలిక కుదరలేదని ప్రమాణం చేసి, పొద్దుగుంకేలోగా నీ చేత్తోనే దానికి సున్నం కొట్టు. అతన్ని వదిలేస్తాను. నీకు శిక్షేమీ ఉండదు. జనం నవ్వుతారు, అంతే."

నేను ప్రమాణం చేశాను, అన్నయ్యా. అది గుర్తుంచుకో. "అతను మా అన్న కాడు, నాకు పోలిక రాలేదు" అని అందరి ముందూ అన్నాను. సున్నం కుండ తీసుకుని నిచ్చెన ఎక్కాను. నువ్వు తలకిందులు కాబట్టి పైన కాళ్ళున్నాయి. తాడు పోయింది, పాదం పోయింది, మోకాళ్ళు, నడుము, నీలపు గోళ్ళ చేతులు పోయాయి. కింద నెజ్జా నిచ్చెన పట్టుకుంది. వదిన చేతులు కట్టుకుని నిలబడింది. మెడ దాకా వచ్చాను.

అప్పుడు సభ గుమాస్తా కిందనుంచి అరిచాడు. "కానీవయ్యా లాపో, సిగ్గుపడకు. నీకు పోలికలు ఎప్పుడొచ్చాయి గనక? మీ అన్న మా అమ్మాయి పెళ్ళిలో చెప్పాడుగా, పంటినొప్పి జోజప్ప కథ." వెనక ఎవరో అందుకున్నారు, "ఈ ముసలాయనెవర్రా" అని. చౌకంతా ఒక్కసారిగా నవ్వింది. కథ రానివాళ్ళు లేరు. అంతమందికి నువ్వు చెప్పావు.

నేను కుండ తీసుకుని దిగాను. "అతనే," అన్నాను. "మా అన్నే. బొమ్మ సరిగ్గానే ఉంది."

వదిన నా చేతిలోంచి కుండ లాక్కుని తనే నిచ్చెన ఎక్కబోయింది. భటులు దించేశారు.

నా దొంగ ప్రమాణాన్ని అన్న మీది ప్రేమగా ఎంచి న్యాయాధికారి క్షమించాడు. నువ్వు కూడా ఆలోచించు. ఈసారి తప్పించుకున్నా ఇంకోసారి దొరికేవాడివి, నోరు ఊరుకునేది కాదు. ఇప్పుడు నీ ముఖమైనా వందేళ్ళుంటుంది. మఠాధిపతి మాట తప్పనని కబురు పంపాడు.

ఒక్కటే అడుగుతాను. నువ్వు గంటసేపు చూశావు. బొమ్మ బాగుందా? ఒక్క మాట రాయి.

లాపో


రోక్కావెర్దె, చెర
1462 జూన్ 27

తమ్ముడూ,

బాగుంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ గంటసేపూ పియెరాను కూడా మరిచిపోయాను. నేనలా ఉంటానని నాకే తెలియదు. నా నోట్లో ఆ విసుగు, ఆ భయం ఎప్పుడు చూశావు నువ్వు? గుండె నిండిపోయింది. ఎవరితోనైనా అనకుండా ఉండలేకపోయాను. మా తమ్ముడు గీశాడని చెప్పుకోలేను కదా, అందుకని చెవులకి వంక పెట్టాను. నాకు పొగడటం అలాగే వచ్చు. ఇన్నేళ్ళు నా నీడలో తిరిగినవాడివి, నీకది తెలిసే ఉండాలి.

ఇంకో మాట. అమ్మ జోజప్పను చూసినప్పుడు ఎవరని అడగలేదు. "అచ్చం మా పెద్దాడే" అని తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పంటినొప్పి మాట నేను కల్పించింది. ఒక విందులో ఎవరూ నవ్వటం లేదని చెప్పాను, అందరూ నవ్వారు, ఆ తర్వాత మానలేకపోయాను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. నిచ్చెన మీద నిలబడి నువ్వు విన్నది అమ్మ గొంతు కాదు, నాది.

శిక్ష పడినవాడికి ఒక కోరిక తీరుస్తారు. పియెరాను చూడాలంటాననుకున్నారు. అనలేదు. నేనెవరో తెలీదని ఆమె సువార్త మీద చెయ్యి పెట్టి చెప్పింది, ఆ మాట నేనెందుకు చెడగొట్టాలి. నీకోసం అడిగాను. బొమ్మ కింద, నా పేరు కిందనే, జానెడేసి అక్షరాల్లో, "గీసినది ఇతని తమ్ముడు లాపో" అని రాయించమన్నాను. గుమాస్తా రాసుకుంటూ నవ్వాపుకోలేకపోయాడు. సభ ఒప్పుకుంది, ఎవరూ ఎప్పుడూ చెరపకూడదని కూడా తీర్మానించింది. పదకొండేళ్ళు ఏడ్చావు కదా పేరు లేదని. ఇకనుంచి నిన్ను గద్దో గారి లాపో అనరు. ఉరిబొమ్మల లాపో అంటారు. నాకు ప్రార్థన చెప్పటానికి వచ్చిన సోదరుడు ఈ పొద్దున అప్పుడే అనేశాడు. ఆ పేరున్న చేతిని మఠాధిపతి దేవుడి గోడ మీద పడనిస్తాడో లేదో చూసుకో.

రేపు పొద్దున గంట కొట్టగానే నన్ను బొమ్మ పక్కనే, బొమ్మలో ఉన్నట్టే, కుడికాలికి కట్టి వేలాడదీస్తారు. మధ్యాహ్నం దాకా ప్రాణం ఉండొచ్చని తలారి అంటున్నాడు. నువ్వు సున్నం కొట్టిన తాడు, కాళ్ళు, నడుము మళ్ళీ గీయమని సభవాళ్ళు నిన్నే పిలుస్తారట. నిచ్చెన తెచ్చుకో. గార తడి ఆరకముందే మొదలుపెట్టు, నేనేమీ కదలను. చెవుల దగ్గర పాత గార గీకేసి, ఈసారి నావి చూసి గీయి.

బిందో